కర్రపెండలం పిండి పుల్లవాసన వస్తా ఉంది, బిడ్డకు పెట్టొచ్చా?

పుత్తూరు పక్క పల్లె మాది. కర్రపెండలం తురిమి, గుడ్డలో పిండి, ఆ పాలు బిందెలో పేరబెట్టినాం. మబ్బు పట్టింది. ఎండ రాలేదని పిండిని నీళ్లలోనే వదిలేసినాం. ఇప్పుడు పుల్లవాసన. ఏడాది నిండని మనవరాలికి గంజి కాయాలని చేసింది. ఆరబెడితే పనికొస్తుందా?

జవాబు (పలమనేరు):
వద్దక్కా, బిడ్డకు అసలే వద్దు. బ్రెజిల్‌లో కావాలనే పులియబెట్టి పుల్లటి పిండి చేస్తారు, నిజమే. మన బిందెలో తనంతట పులిసినదాంట్లో ఏ క్రిములు పెరిగాయో ఎవరికి తెలుసు? కొన్ని క్రిములు వదిలే విషం కాచినా పోదు.

ఇంకోటి. ఈ గడ్డలో, ముఖ్యంగా చేదు రకాల్లో, సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. తొక్కలో మరీ ఎక్కువ. పైపొరే కాదు, లోపలి తెల్ల తొక్క కూడా చెక్కేయండి. మెత్తగా తురిమితేనే ఆ విషం విడివడి నీళ్లలోకి పోతుంది. పిండి పేరగానే పైనీళ్లు వంచేసి, తాగే నీళ్లతో మళ్లీ కలిపి పేరబెట్టండి. పైనీళ్లు తేటగా వచ్చేదాకా ఇంతే. ఎండ ఖాయమైన రోజే గడ్డ తవ్వండి, నా మాట వినండి. రోడ్డు మీద కాకుండా మంచం మీద ఉతికిన గుడ్డ పరిచి ఎండబెట్టండి. బూజు కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే.

జవాబు (కుప్పం):
తొక్కలు, మొదటి నీళ్లు మేకల దగ్గర పెట్టొద్దమ్మా, ప్రాణం పోతుంది. పిండి బాగా కుదిరినా అందులో మాంసకృత్తులు దాదాపు ఉండవు. పాపకు పెసరపప్పు మెత్తగా ఉడికించి కలపండి.

పుత్తూరు:
పిండి పారబోసినాం. తొక్కలు కొట్టం పక్కనే ఉన్నాయి, ఇప్పుడే గుంత తీసి పూడ్పిస్తా.