పరమాణువుల్ని జతకట్టించాలా, అణువునే నేరుగా చల్లబరచాలా?

నీలికిరణం:
అతిశీతల అణువులు కావాలంటే ముందు పరమాణువుల్ని చల్లబరిచి, ఆపైన లేజర్ వేసి జతకట్టించే ఫొటోఅసోసియేషన్‌కి ఇంకా రోజులున్నాయా? 2010లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డేవిడ్ డెమిల్ బృందం స్ట్రాన్షియం ఫ్లోరైడ్ అణువునే లేజర్‌తో చల్లబరిచింది. 2014కల్లా మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్‌లో, అంటే లేజర్లూ అయస్కాంత క్షేత్రమూ కలిసి పట్టి ఉంచే బోనులో, పట్టేసింది కూడా. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం ఎందుకు?

సీజియం పిచ్చోణ్ణి:
అందరికీ ఆ అదృష్టం ఉండదండీ. చల్లబడాలంటే అణువు వేల ఫోటాన్లు (కాంతి కణాలు) మింగి కక్కాలి. కక్కిన ప్రతిసారీ వేరే కంపన స్థాయిలోకి, అంటే పరమాణువులు వేరే శక్తితో ఊగే స్థితిలోకి, జారిపోయి ఆ లేజర్‌కి అందకుండా పోయే ప్రమాదం ఉంది. స్ట్రాన్షియం ఫ్లోరైడ్‌లో ఎలక్ట్రాన్ పైకి ఎగిరినా బంధం పొడవు పెద్దగా మారదు కాబట్టి దాదాపు ఉన్నచోటికే తిరిగొస్తుంది, జారిన కొన్నింటిని ఇంకో రెండు మూడు లేజర్లు వెనక్కి తెస్తాయి. పొటాషియం-రుబీడియం అణువు దగ్గర ఆ పప్పులు ఉడకవు.

పరారుణ:
పైగా ఆ 2014 ట్రాప్‌లో చలి సుమారు 2 మిల్లీకెల్విన్ దగ్గరే ఆగింది. పరమాణువుల్ని మిల్లీకెల్విన్‌లో వెయ్యో వంతైన మైక్రోకెల్విన్లకి దించడం అప్పటికే పాత పాట.

ఫొటోఅసోసియేషన్ ఎలా కనిపిస్తుందో చెప్తాను. కెమెరా స్క్రీన్ మీద ట్రాప్‌లోని రుబీడియం మబ్బు తెల్లగా వెలుగుతుంటుంది. రెండో లేజర్ ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే ఒకచోట ఉన్నట్టుండి మసకబారుతుంది. ఇంకాస్త జరపండి, మళ్లీ నిండుతుంది. ఆ మసకబారిన చోట దగ్గరికొచ్చిన రెండు పరమాణువులు ఒక్క ఫోటాన్‌ని మింగి అణువైపోతున్నాయన్నమాట. సోడియంలోనూ రుబీడియంలోనూ దీన్ని 1993లో చూశారు. మొదటిసారి చూసినప్పుడు నేను ట్రాపే పాడైందనుకుని టెన్షన్ పడ్డాను, అది వేరే కథ.

నీలికిరణం:
మసకబారింది సరే, అణువు మిగిలిందా? ఆ ఉత్తేజిత అణువు నానోసెకన్లలో కాంతి వదిలి, చాలాసార్లు మళ్లీ రెండు పరమాణువులుగా విడిపోయి ట్రాప్ దాటి పోతుంది. మబ్బు పలచబడేది అందుకే కదా!

పరారుణ:
ఒప్పుకుంటాను, అసలు తంటా అదే. జత కట్టేటప్పుడు రెండూ బాగా దూరంగా ఉంటాయి, గట్టి బంధమున్న అణువులో దగ్గరగా ఉండాలి. సీజియంలో మాత్రం ఒక ఉత్తేజిత స్థితికి బయటివైపు ఇంకో శక్తి గుంట, అంటే రెండు పరమాణువులూ కాస్త దూరంగానే నిలవగలిగే చోటు, ఉంది. అది మధ్యలో మెట్టులా పనికొచ్చి, 1998లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో నిలిచే అణువులు దొరికాయి. లేజర్ పల్స్‌తో అయాన్లుగా మార్చి చూశారు, రెట్టింపు బరువున్న సీజియం జంట డిటెక్టర్‌కి ఆలస్యంగా చేరింది. అదే ఏడు కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణంలో సీజియం అణువుల్ని నిలబెట్టారు కూడా.

కుతూహలం:
అవన్నీ రకరకాల కంపన స్థాయిల్లో చెల్లాచెదురుగా ఉన్నాయిగా? 2008లో అమెరికాలోని జైలా (JILA) ల్యాబ్‌లో డెబొరా జిన్, జున్ యే బృందం పొటాషియం, రుబీడియం పరమాణువుల్ని అయస్కాంత క్షేత్రంతో జత కట్టించి, ఆ తర్వాతే లేజర్లు వాడింది.

సీజియం పిచ్చోణ్ణి:
ఆ లేజర్లే కదా అసలు పని చేసింది! ఆ పొటాషియం-రుబీడియం బంధపు శక్తి ఉష్ణోగ్రతలో చెప్తే దాదాపు 6000 కెల్విన్. అది వేడిగా మారితే మబ్బు మిగలదు. రెండు లేజర్ల ఫ్రీక్వెన్సీల తేడాగా, అంటే 125 టెరాహెర్ట్జ్‌గా, కాంతే దాన్ని మోసుకుపోయింది. వాయువు 350 నానోకెల్విన్ దగ్గరే ఉండిపోయింది. ఇక చెల్లాచెదురు సంగతి: అదే 2008లో ఓర్సే వాళ్లు అట్టడుగు స్థాయిని కదిలించే రంగుల్ని మాత్రం పల్స్‌లోంచి తీసేశారు. మిగతా స్థాయిల్లోని అణువులు ఆ కాంతి తన్నులు తింటూ తింటూ చివరికి అక్కడికే చేరాయి.

పరారుణ:
2018లో హార్వర్డ్‌లో ఒక్క సోడియం, ఒక్క సీజియం పరమాణువుని రెండు లేజర్ పట్టకార్లలో పట్టి, ఒకచోటికి తెచ్చి, ఫొటోఅసోసియేషన్‌తో ఒకే ఒక్క అణువు చేశారు. అది ఉత్తేజిత స్థితిలోదే, నిలిచేది కాదు. అయినా జతగాళ్లను ఏరి కలపడం నేరుగా చల్లబరిచే దారిలో ఎక్కడుంది?

నీలికిరణం:
చలి విషయంలో మీదే పైచేయి. కానీ మీరు కట్టేవన్నీ దాదాపు సోడియం, సీజియం లాంటి క్షార లోహాల జంటలే. కాల్షియం మోనోహైడ్రాక్సైడ్‌ని, మూడు పరమాణువుల అణువుని, 2022లో నేరుగానే మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్‌లో పట్టారు. ఆక్సిజన్‌నీ హైడ్రోజన్‌నీ విడివిడిగా చల్లబరిచి, మూడింటినీ మీ లేజర్‌తో జతకట్టించి ఇవ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం.