షాపులో చూసి ఆన్‌లైన్‌లో కొంటే తప్పేంటి?

నాచారం నైట్‌షిఫ్ట్:
చిన్న విజయం ఒకటి చెప్పుకుందామని వచ్చాను. చెల్లికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది, లాప్‌టాప్ కొనాలి. శనివారం పారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులన్నీ తిరిగాను. ఒకచోట సేల్స్ కుర్రాడు చాలా ఓపిగ్గా చూపించాడు. ఒకే కంపెనీ, ఒకే పేరున్న రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి రెండింటిలోనూ ఒకే ఫొటో తెరిచాడు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన ఫొటో. ఒకదాంట్లో మిరపకాయలు ఎర్రగా ఉన్నాయి, రెండోదాంట్లో ఎండకి వెలిసిపోయిన ఫ్లెక్సీలా ఉన్నాయి. ప్రాసెసర్ అదే, ర్యామ్ అదే, తేడా అంతా డిస్‌ప్లేలోనే. "మోడల్ నంబరులో చివరి అక్షరాలు చూసుకోవాలన్నా, అక్కడే చాలామంది దెబ్బతింటారు" అన్నాడు. అరగంట పైనే కూర్చున్నాను. టీ కూడా తెప్పించాడు.

ధర 66,500. బేరమాడితే 65,000కి దిగాడు. బిల్లు వద్దంటే ఇంకో వెయ్యి తగ్గిస్తానన్నాడు ఓనరు. ఇంట్లో అడిగి చెప్తానని లేచొచ్చాను. పారడైజ్‌లో మెట్రో ఎక్కి అదే నంబరు, చివరి అక్షరాలతో సహా కొట్టి చూస్తే కార్డు డిస్కౌంట్ పోను 61,490. మెట్టుగూడ రాకముందే ఆర్డర్ పెట్టేశాను. నిన్న వచ్చింది. డెలివరీ అబ్బాయి చేతే పెట్టె తెరిపించి, ఆన్ చేసి చూసి, అప్పుడు ఓటీపీ చెప్పాను. మూడున్నర వేలు మిగిలాయి.

మా ఆఫీసులో ఒకాయన "అది పద్ధతి కాదు" అంటున్నాడు. మీరేమంటారు?

కోఠి కుర్రోడు:
సూపర్ అన్నా. పార్టీ ఎప్పుడు?

ఉస్మానియా బిస్కెట్:
టీ తాగావా మరి?

నాచారం నైట్‌షిఫ్ట్:
తాగాను. ఎందుకు?

ఉస్మానియా బిస్కెట్:
ఏం లేదు, ఊరికే.

పాత స్క్రూడ్రైవర్:
ఊరికే కాదు, అసలు ప్రశ్నే అది. ఊరికే చూసిపోయేవాడికి ఎవరూ టీ తెప్పించరు. ఈయన కొంటాడు అని నమ్మకం కుదిరాకే కుర్రాణ్ణి కిందికి పంపిస్తారు. నువ్వు మెట్రోలో ఫోన్ నొక్కుతున్నప్పుడు ఆ షాపులో నీకోసం ఆ పీసు పక్కన పెట్టి ఉంటారు.

నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పదహారేళ్ళు షాపు నడిపి 2019లో మూసేశాను. పెంటియం ఫోర్ రోజుల్లో మొదలుపెట్టాను. అప్పట్లో క్యాబినెట్, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు విడివిడిగా తెచ్చి బిగించి ఇచ్చేవాళ్ళం, చేతికి నాలుగు రూపాయలు మిగిలేవి. లాప్‌టాప్‌లు వచ్చాక బిగించడానికేముంది, పెట్టె తీసుకుని పెట్టె ఇవ్వడమే. అరవై వేల లాప్‌టాప్ అమ్మితే నాకు మిగిలింది వెయ్యి, పన్నెండు వందలు. అద్దె అందులోనే, కరెంటు అందులోనే, కుర్రాడి జీతం అందులోనే. నువ్వు తాగిన టీ కూడా అందులోదే తమ్ముడూ.

నాచారం నైట్‌షిఫ్ట్:
అన్నా, టీ నేను అడగలేదు. వద్దన్నా తెచ్చాడు. పదిహేను రూపాయల టీ తాగితే అరవై వేల వస్తువు కొని తీరాలా? బట్టల షాపులో వంద చీరలు తీయించి, కూల్‌డ్రింక్ తాగి, ఏమీ కొనకుండా లేచొచ్చే వాళ్ళని ఎవరైనా ఏమన్నా అంటున్నారా?

సుజాత_కుషాయిగూడ:
చీరల సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. చీర నచ్చక లేస్తాం. మీకు లాప్‌టాప్ నచ్చింది. నచ్చాకే లేచారు.

అలాగని షాపులవైపూ కాదు నేను. ఆన్‌లైన్ వైపు అసలే కాదు. పోయిన దసరాకి ఆన్‌లైన్‌లో టీవీ తెప్పించాం. టీవీ రెండో రోజే వచ్చింది. బిగించే మనిషి మాత్రం తొమ్మిది రోజులు రాలేదు. రోజూ "ఈ రోజు మీ ఇన్‌స్టలేషన్ జరుగుతుంది" అని మెసేజ్, సాయంత్రానికి "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఇంకో మెసేజ్. నేను ఇంట్లోనే ఉన్నాను, తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను! మా అత్తగారు ఆ పెట్టె మీద న్యూస్‌పేపర్ పరిచి చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టారు. పదో రోజు వచ్చినతను గోడ బ్రాకెట్‌కి వేరే డబ్బులన్నాడు. షాపులో కొన్న మా తోటికోడలికి ఆ రోజే వచ్చి బిగించి వెళ్ళారు.

రూల్ పుస్తకం:
సుజాత గారూ, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆ వెబ్‌సైట్‌కి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

నైట్‌షిఫ్ట్ గారూ, టీ గురించి చట్టంలో ఏమీ లేదు. బిల్లు గురించి ఉంది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. మీరు 64,000కి ఒప్పుకుని ఉంటే రేపు గొడవొచ్చినప్పుడు చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు.

కోఠి కుర్రోడు:
టాపిక్ కాదు కానీ... నేను ఫుట్‌పాత్ మీద 2 టీబీ పెన్‌డ్రైవ్ 500కి తీసుకున్నా. కంప్యూటర్‌లో 2 టీబీ అనే చూపిస్తుంది. సినిమాలు ఎక్కిస్తే పేర్లు ఉంటున్నాయి, ప్లే కావట్లేదు.

పాత స్క్రూడ్రైవర్:
లోపల చిప్ ఏ 32 జీబీదో ఉంటుంది. దాన్ని నడిపే కంట్రోలర్ చేత 2 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. నిండాక పైనుంచి వచ్చేదంతా గాల్లో కలుస్తుంది, లేదా పాతదాని మీద రాసేస్తుంది. దానికి వైద్యం లేదు నాన్నా, తాళాలగుత్తికి తగిలించుకో.

ఇక బిల్లు సంగతి. బిల్లు లేకుండా అమ్మేవాణ్ణి నేను సమర్థించను. నా షాపులో ప్రతి పీసుకీ బిల్లు ఇచ్చాను. అయినా కస్టమరే అడిగేవాడు, "జీఎస్టీ తీసేస్తే ఎంత?" అని. 18 శాతం ఊరికే తగ్గిపోతుందనుకుంటారు. నేను కొన్నప్పుడే కట్టిన పన్ను ఎక్కణ్ణుంచి తీసేస్తాను? ఆ మాట చెప్పి చెప్పి గొంతు పోయింది.

మాట తప్పించకు తమ్ముడూ. "ఇంట్లో అడిగి చెప్తాను" అన్నావా లేదా? ఇంట్లో అడిగావా?

నాచారం నైట్‌షిఫ్ట్:
అందరూ అనే మాటే కదా అది.

పాత స్క్రూడ్రైవర్:
అందరూ అంటారు కాబట్టే నా షాపు మూతపడింది.

నాచారం నైట్‌షిఫ్ట్:
మీ షాపు నేను మూయించలేదు. మార్కెట్ మారింది. వెబ్‌సైట్‌లో మూడున్నర వేలు తక్కువకి ఇస్తుంటే, ఎవరి మొహమాటం కోసమో నేనెందుకు ఎక్కువ కట్టాలి? నాది నైట్‌షిఫ్ట్ ఉద్యోగం. ఆ మూడున్నర వేలు మా చెల్లికి ఒక నెల హాస్టల్ మెస్ బిల్లు.

ఉస్మానియా బిస్కెట్:
మెస్ బిల్లు సరే. టీ?

మూడో అంతస్తు:
ఏంది భయ్ ఈ టీ లొల్లి. రోజంతా ఆఫీసులో ఇదే చదువుతున్నా.

పాత స్క్రూడ్రైవర్:
నువ్వు కొన్నది లాప్‌టాప్ ఒక్కటే కాదు. ఏ నంబరు కొనాలో కూడా కొన్నావు, అది డబ్బులివ్వకుండా తెచ్చుకున్నావు. వెబ్‌సైట్‌లో ఆ రెండు పీసుల ఫొటోలూ ఒకేలా ఉంటాయి. ఆ కుర్రాడు మిరపకాయల బొమ్మ చూపించకపోతే నీ చెల్లెలు నాలుగేళ్ళు ఆ వెలిసిపోయిన తెరే చూసేది. సిగ్గుండాలి కాస్త.

నాచారం నైట్‌షిఫ్ట్:
సిగ్గు గురించి షాపుల వాళ్ళు చెప్తే వినాలా నేను?

నిర్వాహకుడు:
దీని తర్వాత వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. మాటలు జాగ్రత్త. ఇంకోసారి ఇలా అయితే చర్చకి తాళం వేస్తాను.

నాచారం నైట్‌షిఫ్ట్:
సరే, ఇది కూడా చెప్పేస్తాను.

2016లో నేను డిగ్రీలో ఉన్నప్పుడు నాన్న నాకు మొదటి లాప్‌టాప్ కొన్నాడు. 38,000. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉద్యోగం ఆయనది, ఓవర్‌టైం చేసి దాచిన డబ్బు. సికింద్రాబాద్‌లోనే ఒక షాపు, పేరు చెప్పను. అక్కడ ఆయన్ని ఫ్యాన్ కింద కూర్చోబెట్టి "సార్, సార్" అన్నారు. నాన్నని సార్ అన్నవాళ్ళు తక్కువ. టీ తెప్పించారు. బిల్లు తర్వాత పంపిస్తామని తెల్ల కాగితం మీద డబ్బు ముట్టినట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

నాలుగు నెలలకి హార్డ్‌డిస్క్ పోయింది. సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబరు కొట్టి చూసి, వారంటీ అయిపోవచ్చింది, ఇంకో మూడు వారాలే ఉంది, మీ బిల్లు తెండి అన్నారు. అది షాపులో డెమోకి పెట్టిన పీసు. స్పేస్‌బార్ మధ్యలో నిగనిగలాడుతూ ఉండేది, కొత్త కీబోర్డు అలా ఉండదని అప్పుడు నాకు తెలియదు. నాన్న బిల్లు కోసం ఆరుసార్లు బస్సెక్కి ఆ షాపుకి వెళ్ళాడు. మొదటిసారి టీ ఇచ్చారట. ఆరోసారి ఓనరు లోపలే ఉండి లేడని చెప్పించాడు. ఆ మూడు వారాలు అలాగే గడిచిపోయాయి.

అందుకే నాకు టీ అంటే పడదు. పెట్టె తెరిచి చూసి ఓటీపీ చెప్పడంలో నేను ఎవర్నీ నమ్మక్కర్లేదు. అది నాకు మూడున్నర వేల కంటే ఎక్కువ.

రూల్ పుస్తకం:
మీది 2016 కాబట్టి పాత 1986 చట్టం కిందికి వస్తుంది. రెండేళ్ళ గడువు దాటింది కాబట్టి ఇప్పుడు కేసు వేయలేరు. కొత్త చట్టంలో అయితే లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, ఉన్న ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు.

సుజాత_కుషాయిగూడ:
రూల్ పుస్తకం గారూ, ఆయన కేసు వేస్తానన్నారా ఇప్పుడు?

ఉస్మానియా బిస్కెట్:
సారీ బ్రో. నేను సరదాకి అన్నాను.

పాత స్క్రూడ్రైవర్:
పొద్దున్నుంచి రెండుసార్లు రాసి కొట్టేశాను.

మీ నాన్నకి జరిగింది మోసం. అలాంటి షాపులు ఉన్నాయి, నాకు తెలుసు, వాళ్ళ పక్కనే కూర్చుని వ్యాపారం చేశాను. వాళ్ళ మూలంగా నా దగ్గరికి వచ్చినవాడు కూడా పెట్టె అటూ ఇటూ తిప్పి, నా మొహం చూసి, మళ్ళీ పెట్టె చూసేవాడు. కానీ నీకు మిరపకాయల ఫొటో చూపించినవాడు ఆ ఓనరు కాదు. పన్నెండు వేల జీతానికి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే పిల్లాడు. లెక్క తేల్చుకోవాల్సింది ఒకడితో, తేల్చింది ఇంకొకడి మీద.

నాకు కడుపుమంట ధర గురించి కాదు. 2018లో షాపు ముందు బోర్డు పెట్టాను, "ఏది కొనాలో సలహాకి 200" అని. ఆన్‌లైన్‌లోనే కొనుక్కోండి, ఏది కొనాలో నేను చెప్తాను అని. నెల రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు ఇవ్వలేదు. బోర్డు ముందు నిలబడి సెల్ఫీ మాత్రం తీసుకున్నారు. ఇప్పటికీ అల్వాల్‌లో ఇంటి దగ్గర రిపేర్లు చేస్తుంటాను. హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీ ఆన్‌లైన్‌లో కొని పట్టుకొచ్చి "ఒక్క నిమిషం పని అన్నా" అంటారు. ఒక్క నిమిషంలో చేయడానికి నాకు పదహారేళ్ళు పట్టింది.

నాచారం నైట్‌షిఫ్ట్:
ఆ కుర్రాడు 300 అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. నిజంగా.

మూడో అంతస్తు:
ఇచ్చేవాడివి కాదు. నేనూ ఇవ్వను.

నాచారం నైట్‌షిఫ్ట్:
ఏమో.

పాత స్క్రూడ్రైవర్:
సరే, అది వదిలేయ్. ర్యామ్ ఎంత ఉంది అందులో? బోర్డుకే అతికించిందా, స్లాట్ ఏమైనా ఉందా?

నాచారం నైట్‌షిఫ్ట్:
8 జీబీ బోర్డుకే ఉంది. ఒక స్లాట్ ఖాళీ. వెబ్‌సైట్‌లో ఎక్కడా రాయలేదు. ఆ కుర్రాడే వెనక్కి తిప్పి ఏ స్క్రూలు తీయాలో చూపించి చెప్పాడు.

పాత స్క్రూడ్రైవర్:
ఇంకో 8 వేయించు, అదే స్పీడుది చూసి. ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్‌లకి ఒక్క 8 చాలదు, రెండో సెమిస్టర్‌కే పిల్ల ఏడుస్తుంది.

నాచారం నైట్‌షిఫ్ట్:
ఎక్కడ వేయించమంటారు?

పాత స్క్రూడ్రైవర్:
ఆదివారం అల్వాల్ రా. మూడు వందలు. టీ ఉండదు.

కోఠి కుర్రోడు:
అన్నా, నా పెన్‌డ్రైవ్ కూడా ఒకసారి చూస్తావా?