పార్కులో ఉచితంగా పాటల కార్యక్రమం పెడితే వార్డుకు ఒరిగేదేమైనా ఉందా?

చెరువుగట్టు (చర్చ మొదలుపెట్టింది నేనే)
మాది హైదరాబాద్ శివారులో నాలుగొందల గడపల కాలనీ. పోయినేడు సంక్రాంతి వెళ్లాక ఓ శనివారం సాయంత్రం పార్కులో పాటలు పెట్టాం. టికెట్టు లేదు, ఎవర్నీ చందా అడగలేదు, రాత్రి తొమ్మిదిన్నరకే ఆపేశాం. ఒక డప్పు బృందం, కీబోర్డు వాయించే కాలనీ పిల్లలు, చివర్లో పక్క బస్తీ భజన మండలి. పైకి పాటలే గానీ లోపల లెక్క వేరే ఉంది. కాలనీ మీటింగుకు పిలిస్తే పద్నాలుగు మంది వస్తారు, అందులో పదిమంది కమిటీ వాళ్లే. పాటకైనా గేటు దాటి బయటికొస్తే అక్కడే ఓటరు నమోదు, మురుగు కాలువ, కుక్కల బెడద గురించి నాలుగు మాటలు మాట్లాడొచ్చు కదా అనుకున్నాం. ఈసారి మళ్లీ పెడదామంటే కమిటీ రెండుగా చీలింది. "ఆ డబ్బులు పెడితే పార్కులో నాలుగు దీపాలు వెలుగుతాయి" అని మా కోశాధికారి పట్టుబట్టారు. మీరేమంటారు?

రిటైర్డ్ గుమాస్తా
మీ కోశాధికారి గారికి నా ఓటు. ఓటు అంటే గుర్తొచ్చింది, 2020 బల్దియా (జీహెచ్ఎంసీ) ఎన్నికల్లో మన నగరంలో పోలైంది 46.55 శాతం. 2024 లోక్‌సభకు హైదరాబాద్ స్థానంలో 48.48. ఈ రెంటికీ మధ్య నగరంలో పాటలేమైనా తక్కువయ్యాయా? 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపేసి సండే ఫన్‌డే పెట్టారు. నేనూ మనవడితో వెళ్లాను, బాగుంది, ఐస్‌క్రీం తిన్నాం, వచ్చేశాం. పాటకొచ్చినవాడు పాట విని పోతాడండీ.

ఇంకోటి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు, పది దాటితే మైకు బంద్. మీరు తొమ్మిదిన్నరకే ఆపామంటారు, సంతోషం. మా వీధిలో మాత్రం "ఇదే ఆఖరి పాట" అన్నాక ఇంకో మూడు వస్తాయి.

ఓరుగల్లు పోరడు
గుమాస్తా సార్, పాటతోని ఏమైతది అని తెలంగాణల కూసోని అడుగుతున్నరా మీరు? 2002ల కామారెడ్డిల తెలంగాణ ఉద్యమం ఆటపాటల ధూంధాం మొదలైతే ఎవలన్న టికెట్టు కొన్నరా? ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద వచ్చిన్రు. మీటింగుల నీళ్ల లెక్కలు, నిధుల లెక్కలు చెప్తే జనం ఆవులించేటోళ్లు. గదే లెక్క పాటల పెట్టి గజ్జె కట్టి ఆడితే రాత్రి రెండింటిదాక కూసున్నరు. మా నాయిన చదువుకోలే, కృష్ణ నీళ్ల ముచ్చట ఆయనకు ఎరుకైంది పాటతోనే.

కాకపోతే ఒక్క మాట. గా పాటకు ఒక అడుగుడు ఉండె. రాష్ట్రం గావాలె అని. మీ పార్కు పాట ఏం అడుగుతున్నది? గది చెప్పుర్రి ముందు.

మద్రాసు మామ
ఈ గొడవ మా చెన్నైలో ఎప్పుడో అయింది. బీసెంట్ నగర్ బీచి పక్కన ఊరూరు ఆల్కాట్ కుప్పం అని జాలరిపేట ఒకటుంది. 2015లో గాయకుడు టి.ఎం. కృష్ణ, పర్యావరణ కార్యకర్త నిత్యానంద్ జయరామన్, వాళ్ల మిత్రులు కలిసి, కుప్పం వాళ్లతో పాటు అక్కడ ఉచితంగా విళా, అంటే ఉత్సవం, మొదలుపెట్టారు. ఆరుబయట వేదిక. కచేరీ, భరతనాట్యం, పఱై (తమిళుల డప్పు) ఆట, అన్నీ ఒకే వేదిక మీద. మన త్యాగయ్య తెలుగు ఆ సముద్రపు గాలిలో వినడం వేరే అనుభవం. తిట్టినవాళ్లు తక్కువేం కాదు. "జాలర్లకు కావాల్సింది రేవు గానీ రాగమా?" అన్నారు. "సంగీత సభల్లో వినేవాళ్లకు బీచిలో ఓ పిక్నిక్" అన్నారు. రెండో మాటలో కొంత నిజముంది, ముందు వరసలో కూర్చున్న పట్టుచీరలు నేనూ చూశాను.

అయినా ఒకటి గమనించాను. అప్పటిదాకా ఆ కుప్పం దారి తెలియని మైలాపూరు వాళ్లు చేపల బుట్టల మధ్యనుంచి నడిచి వెళ్లాల్సి వచ్చింది. 2017లో అదే కృష్ణ చెన్నై ఉత్తరాన ఉన్న ఎన్నూరు వాగు ఆక్రమణల మీద "పోరంబోకు" అనే మాట పట్టుకుని తమిళంలో ఓ పాట పాడారు. తెలుగులోనూ అది తిట్టే కదా! రెవెన్యూ లెక్కల్లో మాత్రం పోరంబోకు అంటే ఎవరి పట్టాలోనూ లేని జాగా, అందరిదీ. చెరువు గట్టు, వాగు ఒడ్డు, మేత బీడు. ఆ పాట విన్నాక నేను ఎవర్నీ "పోరంబోకు వెధవా" అనలేకపోతున్నాను, చాలా ఇబ్బందిగా ఉంది. వాగు బాగుపడిందా అంటే ఒక పాటతో బాగయ్యే జబ్బు కాదది.

రెండో అంతస్తు
నేను మా అపార్టుమెంటు సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడదాన్ని. మగవాళ్ల చర్చలో ఒక సంగతి తప్పిపోతోంది. మీటింగు ఆదివారం పొద్దున పదింటికి పెడతారు. ఆ టైములో మేం ఇడ్లీ గిన్నెలు తోముతూ ఉంటాం. "ఆడవాళ్లు రారండీ" అని మినిట్స్‌లో రాసుకుంటారు.

ఇక ఉచిత ఆరుబయట సంగీతం మనకేం కొత్త? బతుకమ్మ ఏమిటి మరి? తొమ్మిది రోజులు ఆడి, సద్దుల నాడు నీళ్లలో వదలాలంటే కుంటలో నీళ్లుండాలి, గట్టు మీద దీపం ఉండాలి, మెట్ల మీద గాజుపెంకులు ఉండకూడదు. రెండేళ్ల కింద మా కుంట దగ్గర మొత్తం చీకటి. మర్నాడు పదకొండు మందిమి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. ఒక్కదాన్నే వెళ్లుంటే "మీ వారిని పంపండమ్మా" అనేవారు. ఆ పదకొండు మంది మీటింగులో పరిచయమైనవాళ్లు కాదు, చప్పట్లు కొడుతూ తిరిగినప్పుడు పక్కన ఉన్నవాళ్లు. దీపాలు వచ్చాయి. ఒకటి ఇప్పటికీ మిణుకుమిణుకుమంటోందనుకోండి.

చెరువుగట్టు
ఓరుగల్లు తమ్ముడు అడిగింది సూటిగా తగిలింది. పోయినసారి మా పాట ఏమీ అడగలేదు, అదే మా తప్పు. ఓటరు నమోదుకు బల్ల వేశాం, ఫారం 6 కట్టలు పెట్టాం, ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. పదిహేడు నిండిన పిల్లలు కూడా ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చని మైకులో రెండుసార్లు చెప్పాం. మూడున్నర గంటల్లో వచ్చింది ఆరుగురు. అందులో ఒకాయన బాత్‌రూం ఎటు అని అడగడానికి వచ్చారు.

పనిచేసింది మేం అనుకోనిది. కాలనీ మ్యాపు ఫ్లెక్సీ ఒకటి వెనక గోడకు కట్టాం, ఊరికే అలంకారానికి. డప్పు మొదలవకముందు ఒక పెద్దావిడ దాని ముందు నిలబడి "వానొస్తే నీళ్లు నిలిచేది ఇక్కడ" అని తన నుదుటి బొట్టుబిళ్ల తీసి అతికించేసింది. అది చూసి పక్కావిడ పర్సులోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. తొమ్మిదయ్యేసరికి మ్యాపు మీద ముప్పై ఒక్క బొట్లు, ఎర్రవి, మెరూన్‌వి, ఒకటైతే రాళ్లది. పంతొమ్మిది ఒకే లైను మీద, ఆరో వీధి మలుపు దగ్గర. మా కమిటీ ఏళ్ల తరబడి మూడో వీధి గురించి అర్జీలు పెడుతోంది, ఎందుకంటే కార్యదర్శి ఇల్లు అక్కడే. ఆ కార్యదర్శిని నేనే.

రిటైర్డ్ గుమాస్తా
బొట్లు బాగున్నాయి బాబూ, చదువుతూ నవ్వుకున్నాను. కాలువ సంగతి చెప్పండి.

చెరువుగట్టు
ఫ్లెక్సీ ఫోటో అర్జీకి జత చేశాం. రెండు నెలలకు జూనియర్ ఇంజనీరు వచ్చి చూశారు. మలుపు దగ్గర పైపు సన్నగా ఉందట, అంచనా వేసి పంపుతామన్నారు. వానాకాలం వచ్చింది, వెళ్లింది. పూడిక మాత్రం తీశారు. పైపు మారలేదు.

రిటైర్డ్ గుమాస్తా
అదే నేను చెప్పేది.

రెండో అంతస్తు
కాదండీ గుమాస్తా గారూ. పాట పెట్టకపోతే ఆయన ఇప్పటికీ తన ఇంటి ముందు కాలువ గురించే అర్జీలు రాస్తూ ఉండేవారు. ఎవరి ముంపు ఎక్కడో తెలియడం చిన్న సంగతా?

పసుపు గోడ
ఒక హెచ్చరిక. మా దగ్గర ఇలాంటిదే మూడో ఏడాదికి ఒక నాయకుడు "సౌండు ఖర్చు నాది" అన్నాడు. అందరూ అమ్మయ్య అనుకున్నారు. వేదిక వెనక ఆయన బొమ్మ, సన్మానాలకు గంటన్నర, శాలువాలు కప్పుతుంటే తబలా కుర్రాడు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. కాలువ ప్రశ్న అడగబోయినవాణ్ణి "ఇది పండగ వాతావరణం" అని కూర్చోబెట్టారు. ఖర్చు ఎవరిదో పాట వాళ్లదే అవుతుంది. సౌండు చిన్నదైనా సరే, ఇంటికి వంద వేసుకోండి.

ఓరుగల్లు పోరడు
గంతే అన్న. గీసారి మ్యాపు ముందట కట్టుర్రి, ఎన్క కాదు. గా పైపు మీద ఒక పాట కట్టమంటే నేను కడుత. డప్పు నేనే దెస్త.

చెరువుగట్టు
తమ్ముడూ, నిజంగానా? ఆరో వీధి మలుపు, ఫిబ్రవరిలో శనివారం. పార్కులో కాదు, ఆ మలుపు దగ్గరే పెడదామని ఇప్పుడే అనిపిస్తోంది. బల్ల మీద బొట్టుబిళ్లల అట్టలు మేమే కొని పెడతాం. కోశాధికారి గారు ఆ ఖర్చుకు మాత్రం ఒప్పుకున్నారు.

రిటైర్డ్ గుమాస్తా
తొమ్మిదిన్నరకు ఆపుతానంటే నేనూ వస్తాను. గడియారం నా చేతికివ్వండి.