మైడి88 లేని ఎలుకలు షాక్‌లో ఎందుకు చావలేదు?

కావలి పిల్ల: అన్నలూ అక్కలూ, నెల్లూరులో ఎమ్మెస్సీ చదవతా ఉండా, రేపే సెమినార్. మైడి88 (క్రిములొచ్చిన కబురు కణం లోపలికి చేరేసే ప్రోటీన్) జీన్ తీసేసిన ఎలుకలకి ఎల్‌పీఎస్ ఎక్కిచ్చినా బతికిపొయ్యాయంట, అయితే ఆ ప్రోటీన్ లేకపోతేనే మేలు కదా, ఏందిది?

ఒంగోలు బయో: మేలేం కాదమ్మా. ఎల్‌పీఎస్ అంటే బ్యాక్టీరియా గోడ ముక్క అంతే, దానికి ఒళ్ళు అతిగా రెచ్చిపోతేనే షాక్. మైడి88 లేకపోతే కణం మీద క్రిముల్ని పసిగట్టే టీఎల్ఆర్4 పట్టుకున్న కబురు లోపలికి సరిగ్గా పోదు, టీఎన్ఎఫ్, ఐఎల్-6 అనే వాపు పుట్టించే ప్రోటీన్లు సరిగ్గా రావు, అందుకే బతికాయి. బతికున్న స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా ఎక్కిచ్చి చూడు, తట్టుకోలేవు.

కనిగిరి సార్: ట్రిఫ్ అనే ఇంకో ప్రోటీన్ నడిపే రెండో దారి మర్చిపోబాకండి. మైడి88 లేకపోయినా టీఎల్ఆర్4 ఆ దారిలో ఎన్ఎఫ్ కాపా బీని (వాపు జీన్లని ఆన్ చేసే ప్రోటీన్) లేటుగా లేపుద్ది, వైరస్‌ని ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ బీటా కూడా వస్తది. వైరస్ ఆర్ఎన్ఏని పసిగట్టే టీఎల్ఆర్3కి అయితే మైడి88తో పనే లేదు. ఎగ్జామినర్లు అడిగేది ఇక్కడే.

కావలి పిల్ల: థాంక్స్ సార్. మనుషుల్లో కూడా అట్నేనా?

ఒంగోలు బయో: పూర్తిగా కాదు. 2008లో మైడి88 లోపం ఉన్న పిల్లల గురించి పేపర్ వచ్చింది, వాళ్ళకి న్యుమోకోకస్ లాంటి చీము పట్టే ఇన్ఫెక్షన్లే గట్టిగా వచ్చేవి, వయసు పెరిగేకొద్దీ తగ్గాయి. ఎలుకలకేమో ఇంకా చాలా రకాల క్రిములతో ఇబ్బంది. ఈ తేడాకి ఒక స్లైడ్ పెట్టుకో.