ఒకే కాలిలో ఫీమర్, టిబియా రెండూ విరిగితే ఒకే రోజు నెయిల్ వేయాలా?

చర్చ ప్రారంభం

మోకాలికి పైన తొడ ఎముక, అంటే ఫీమర్, కింద పిక్క ముందరి పెద్ద ఎముక, అంటే టిబియా, ఒకే కాలిలో విరిగి, మధ్యలో మోకాలు ఆధారం లేకుండా మిగిలిపోయే గాయాన్ని 1975లో బ్లేక్, మెక్‌బ్రైడ్ అనే వైద్యులు ‘ఫ్లోటింగ్ నీ’ (తేలే మోకాలు) పేరుతో వివరించారు. పెద్దవారిలో రెండింటినీ ఆపరేషన్‌తోనే బిగించాలన్న విషయంలో ఇప్పుడు పెద్దగా వివాదం లేదు, వివాదమంతా ఎప్పుడన్నదే. విరిగిన చోటు రెండు ఎముకల్లోనూ కీలును తాకకుండా నడిమి భాగంలోనే ఉంటే, ఒకే మత్తులో, మోకాలి ముందు పెట్టిన ఒకే కోతలోంచి ఫీమర్‌లోకి పైకి, టిబియాలోకి కిందికి నెయిల్ (ఎముక లోపలి గొట్టంలోకి దూర్చే లోహపు కడ్డీ) వేసి ఆ రోజే ముగించాలని నా అభిప్రాయం. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాక మళ్ళీ కదపనక్కర్లేదు, మర్నాటి నుంచే మోకాలు వంచడం మొదలుపెట్టవచ్చు.

ప్రత్యుత్తరం

డాక్టర్ గారూ, ఒకే కోత పద్ధతిపై నాకు అభ్యంతరం లేదు. ‘ఆ రోజే’ అన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. ఫీమర్ ఒక్కటి విరిగినా తొడలోకి లీటరుకు పైగా రక్తం చేరవచ్చు. ఈ రోగుల్లో చాలామందికి తలకో, ఛాతీకో కూడా దెబ్బ తగిలి ఉంటుంది. నెయిల్‌కు దారి చేయడానికి ఎముకను లోపల తొలిచే రీమర్ మూలుగ గొట్టంలో తిరుగుతున్నప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, కొవ్వు సిరల్లోకి ఎక్కి ఊపిరితిత్తులకు చేరుతుంది. అప్పటికే ఛాతీ నలిగిన మనిషికి రెండు ఎముకల్లో వెంటవెంటనే ఆ పని చేయడం ప్రమాదకరం. ద్రవాలు, రక్తం ఎక్కించాక కూడా రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) లీటరుకు 4 మిల్లీమోల్స్ కంటే కిందికి దిగకపోతే, లేదా రక్తం పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) 7.25కు తక్కువగా ఉంటే, ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ (ఎముకలోకి దింపిన పిన్నులను కాలి బయట కలిపి పట్టే చట్రం) బిగించి ఐసీయూకు పంపడమే న్యాయం. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ (గాయానికి ప్రతిస్పందనగా వచ్చే వాపు ప్రక్రియ) ఉధృతంగా ఉంటుంది కనుక అప్పుడు పెద్ద ఆపరేషన్ జోలికి వెళ్ళకుండా, కోలుకున్నాక, సాధారణంగా ఐదు నుంచి పది రోజుల మధ్య, నెయిల్ వేయవచ్చు.

చర్చ ప్రారంభించినవారి సమాధానం

మీ అభ్యంతరం సమంజసమే. నా మాటను రక్తపోటు, లాక్టేట్ కుదుటపడిన రోగికే పరిమితం చేసుకుంటున్నాను. అలాంటి రోగిలోనైనా ఫీమర్‌నే ముందు బిగించాలి. టిబియా నెయిల్ కోసం మోకాలు వంచక తప్పదు, అప్పుడు బిగించని ఫీమర్ ముక్కలు తొడ కండరాన్ని చీలుస్తాయి. టిబియా గాయం తెరుచుకుని ఉంటే మాత్రం దాన్ని శుభ్రంగా కడగడం ఆలస్యం చేయకూడదు.

ఇంకొక్క మాట. పైన, కింద ఎముకలు ఊగుతున్నంతసేపూ మోకాలి లిగమెంట్లను (ఎముకలను కలిపి పట్టే పట్టీలను) పరీక్షించడం సాధ్యం కాదు, అందుకే ఆ గాయం తరచుగా కంటపడకుండా పోతుంది. నెయిళ్ళు బిగిశాక, మత్తు దిగకముందే, మోకాలిని కొద్దిగా వంచి ఒక చేత్తో తొడను అదిమి, మరో చేత్తో పిక్కను ముందుకు లాగి చూడండి. ఎక్కడా గట్టిగా ఆగకుండా టిబియా చేతితో పాటు జారి వస్తే, లిగమెంట్ తెగి ఉండవచ్చని కేస్ షీట్లో అప్పుడే రాయండి.