రక్తంలో పడిపోయిన సోడియంను రోజుకు 8 పాయింట్లకు మించి పెంచకూడదన్న నియమం ఇంకా అవసరమా?

కృష్ణాతీరం: నీరు తీసే బీపీ మాత్ర వల్ల మా నాన్నగారి సోడియం 112 పాయింట్లకు (లీటరుకు మిల్లీమోల్ లెక్క, మామూలుగా 135 పైన ఉండాలి) పడిపోయి, మాట ముద్దగా వచ్చి, మా పేర్లే మరిచిపోయారు. రోజుకు 8కి మించి పెంచితే మెదడు దెబ్బతింటుందంటూ ఆయనను ఐసీయూలో ఐదు రోజులు ఉంచారు. అయితే టొరంటో ప్రాంతపు ఆసుపత్రుల్లోని 22,858 కేసులను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి దెబ్బ 12 మందికే కనిపించింది. పైగా వారిలో ఏడుగురికి సోడియం వేగంగా పెరగనే లేదు. మరి ఈ భయం ఎందుకు?

వార్డు_వైద్యుడు: ఆ లెక్క నిజమే, కానీ 130 కన్నా తక్కువ ఉన్నవారందరినీ అందులో చేర్చారు కాబట్టి 112 ఉన్న మీ నాన్నగారికి ఆ ధైర్యం నేరుగా వర్తించదు. సోడియం రెండు రోజులకు పైగా తక్కువగా ఉన్నప్పుడు మెదడు కణాలు ఉబ్బకుండా ఉండేందుకు తమలోని లవణాలను, కరిగి ఉన్న ఇతర పదార్థాలను బయటకు పంపేస్తాయి. రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరిగితే వాటిని అంత త్వరగా తిరిగి నింపుకోలేక కణాలు కుంచించుకుపోతాయి, నరాల తంతువులను కప్పి ఉండే మైలిన్ పొర చెడిపోతుంది. మద్యపానం, పోషకాహార లోపం, కాలేయ జబ్బు, తక్కువ పొటాషియం ఉన్నవారికి, సోడియం 105, అంతకన్నా తక్కువ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. రోగి కోలుకుంటున్నాడని అందరూ సంతోషిస్తున్న వేళ, కొన్ని రోజుల తర్వాత, మింగలేకపోవడం, కాళ్లుచేతులు చచ్చుబడటం మొదలవుతాయి.

గుంటూరు_నెఫ్రో: ఇంకో వైపు కూడా చూడాలి. మామూలు శస్త్రచికిత్స తర్వాత సోడియం పడిపోయి మెదడు దెబ్బతిన్న 15 మంది ఆరోగ్యవంతులైన మహిళల గురించి 1986లోనే ప్రచురితమైంది. మూర్ఛ వస్తున్నవారికి 3 శాతం సెలైన్ (గాఢమైన ఉప్పునీరు) 100 మి.లీ. పది నిమిషాల్లో ఎక్కించాల్సిందే; 4 నుంచి 6 పాయింట్లు పెరిగితే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. 8 అన్న హద్దు 24 గంటలకే గాని తొలి గంటకు కాదు. దీన్ని గందరగోళపరచి మూర్ఛ రోగికి కూడా చుక్కచుక్కగా ఎక్కించేవారిని చూశాను, అది జాగ్రత్త కాదు, పిరికితనం.

వార్డు_వైద్యుడు: అందులో నాకు భేదం లేదు. మనం ఎక్కించే సీసా కన్నా నాకు మూత్రం సంచే ఎక్కువ భయం. మాత్ర ఆపగానే కిడ్నీలు నీటిని వదిలేస్తాయి, సోడియం దానంతటదే దూసుకుపోతుంది. అందుకే నాలుగు గంటలకోసారి రక్తపరీక్ష చేయిస్తాం.

కృష్ణాతీరం: రెండో రాత్రి నర్సమ్మ తేట నీళ్లలా ఉన్న మూత్రంతో నిండిన సంచిని రెండుసార్లు ఖాళీ చేశాక, సోడియం మరీ వేగంగా పెరగకుండా సెలైన్ తీసేసి డెక్స్‌ట్రోస్ పెట్టారు. ఉప్పు తగ్గిన మనిషికి చక్కెర నీళ్లేమిటని ఆ రాత్రి నేను గొడవపడ్డాను.