కేప్ వెర్డే ఫుట్‌బాల్ టీం చరిత్ర తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి

దేవరకొండ పీఈటీ:

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నా. 2026 జూన్‌లో ప్రపంచకప్ ఉంది కదా, ఆడే దేశాల పేర్లన్నీ చార్టు మీద రాసి వరండాలో అంటించాం. ఎనిమిదో తరగతి పిల్లలు కేప్ వెర్డే దగ్గర ఆగిపోయారు. "ఇది ఎక్కడుంది సార్?" మ్యాపులో చూపించా. సెనెగల్‌కు పడమర దిక్కున, అట్లాంటిక్ సముద్రంలో పది దీవులు. జనాభా దాదాపు ఐదు లక్షలు అనగానే వాళ్ళు నమ్మలేదు. మన పాత నల్లగొండ జిల్లా జనాభానే 2011 లెక్కల్లో 34 లక్షలు దాటింది మరి.

యూట్యూబ్‌లో వెతికితే అన్నీ "అద్భుతం" అనే వీడియోలే. నాకు అసలు సంగతి కావాలి. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎక్కడ దెబ్బ తిన్నారు, ఎవరు నిలబెట్టారు? పొద్దున ప్రార్థన అయినాక పిల్లలకు చెప్పాలని ఉంది.

హైదరాబాద్ డిఫెండర్:

పెద్ద రహస్యం ఏమీ లేదు సార్. ప్రపంచకప్‌లో 32 టీంలు ఉండేవి, ఇప్పుడు 48 చేశారు. ఆఫ్రికాకు నేరుగా వచ్చే సీట్లు ఐదు ఉండేవి, తొమ్మిది అయ్యాయి. దానికితోడు వాళ్ళ ఆటగాళ్ళలో సగం మంది యూరప్‌లో పుట్టి పెరిగినవాళ్ళు. అక్కడి కోచింగ్, అక్కడి గ్రౌండ్లు. దేశం చిన్నదే కానీ టీం చిన్నది కాదు.

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్:

అన్నా, సీట్లు పెరిగిన మాట నిజమే. కానీ వాళ్ళ గ్రూపులో ఉన్నది ఎవరు? కామెరూన్. ఆఫ్రికాలో అందరికంటే ఎక్కువగా ఎనిమిది ప్రపంచకప్‌లు ఆడిన దేశం. గ్రూపులో మొదటి స్థానం వస్తేనే నేరుగా టికెట్. 2024 జూన్‌లో కామెరూన్ రాజధాని యావుండేలో అదే టీం చేతిలో 4-1తో చిత్తుగా ఓడారు. అక్కడి నుంచి లేచి, 2025 సెప్టెంబర్‌లో తమ రాజధాని ప్రాయాలో 1-0తో గెలిచారు. గోల్ కొట్టింది డైలన్ లివ్రమెంటో. చివరికి పది మ్యాచుల్లో కేప్ వెర్డేకు 23 పాయింట్లు, కామెరూన్‌కు 19. దీన్ని సీట్ల లెక్కతో కొట్టేయొద్దు.

సార్, నేను ఈ టీంను 2013 నుంచి ఫాలో అవుతున్నా. నాకు తెలిసింది చెప్తా, కొంచెం పొడుగు అవుతుంది.

ఆ దీవులు పోర్చుగల్ చేతిలో ఉండేవి. 1975 జూలై 5న స్వాతంత్ర్యం వచ్చింది. ఫిఫాలో చేరింది 1986లో. ప్రపంచకప్ క్వాలిఫయర్లలో మొదటిసారి ఆడింది 2002 కప్పు కోసం. 2000లో ఫిఫా ర్యాంకు 182. అదే ఏడాది అమిల్కార్ కబ్రాల్ కప్ అనే పశ్చిమ ఆఫ్రికా టోర్నీ వాళ్ళ దేశంలోనే జరిగితే గెలిచారు. కబ్రాల్ అంటే గినీ బిస్సావ్, కేప్ వెర్డే స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన నాయకుడు. ఆ స్వాతంత్ర్యం చూడకముందే 1973లో ఆయన్ని చంపేశారు. పిల్లలకు ఈ పేరు తప్పకుండా చెప్పండి.

2010లో పోర్చుగల్ ప్రపంచకప్‌కు తయారవుతూ వీళ్ళతో ఒక ఫ్రెండ్లీ ఆడింది. 0-0. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2012లో మాత్రం అందరూ తలతిప్పి చూశారు. ఆఫ్రికా కప్ క్వాలిఫయర్‌లో ఇదే కామెరూన్‌ను ప్రాయాలో 2-0తో ఓడించి, యావుండేలో 2-1తో ఓడినా, మొత్తం మీద గెలిచి మొదటిసారి ఆఫ్రికా కప్‌కు పోయారు. అప్పటి కోచ్ లూసియో ఆంటునెస్ ఉద్యోగం ఏంటో తెలుసా? ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. లీవు పెట్టి టీంను నడిపించాడు.

2013 జనవరిలో సౌతాఫ్రికాలో మొదటి మ్యాచ్, ఆతిథ్య దేశంతోనే, 0-0. మొరాకోతో 1-1. అంగోలాతో ముందు తమ గోల్‌లోనే వేసుకుని వెనకబడ్డారు, 81వ నిమిషంలో ఫెర్నాండో వరేలా సమం చేశాడు, చివరి నిమిషంలో హెల్డన్ గెలిపించాడు. క్వార్టర్ ఫైనల్‌లో ఘనా 2-0తో ఆపింది. ఒక పెనాల్టీ, ఆట ముగిసే ముందు ఇంకో గోల్. అంతసేపూ ఘనాకు చెమటలు పట్టించారు. నేను ఈ టీం మనిషినైపోయింది ఆ మ్యాచ్‌తోనే.

ఇక అసలు దెబ్బ. ఇది ఎవరూ వీడియోల్లో చెప్పరు. 2014 ప్రపంచకప్ క్వాలిఫయర్లు. 2013 మార్చిలో ఈక్వటోరియల్ గినీ మీద 4-3తో ఓడారు. ఆ మ్యాచ్‌లోనే వరేలాకు రెడ్ కార్డు పడింది, నాలుగు మ్యాచుల నిషేధం వచ్చింది. తర్వాత ఈక్వటోరియల్ గినీ అర్హత లేని ఆటగాణ్ణి ఆడించిందని తేలి, ఫిఫా ఆ మ్యాచ్‌ను 3-0గా కేప్ వెర్డేకు ఇచ్చేసింది. సెప్టెంబర్‌లో ట్యునీషియా గడ్డ మీద ట్యునీషియాను 2-0తో కొట్టి గ్రూపులో పైకొచ్చారు. ఆఖరి ప్లేఆఫ్ గెలిస్తే బ్రెజిల్ పోవచ్చు. కానీ ట్యునీషియాతో ఆ మ్యాచ్‌లో వరేలా ఆడాడు, అప్పటికి అతని నిషేధం ఇంకా ఉంది. మ్యాచ్‌ను 3-0గా ట్యునీషియాకు ఇచ్చేశారు. అంతే, ఖతం. ఏ మ్యాచ్ పాయింట్లు వాళ్ళను నిలబెట్టాయో ఆ మ్యాచ్‌లోని రెడ్ కార్డే వాళ్ళను ముంచింది. అన్నా, అప్పుడు ఆఫ్రికాకు ఐదు సీట్లే. అయినా గుమ్మం దాకా వచ్చారు. అందుకే 48 టీంల మాట అనగానే నాకు మనసు చివుక్కుమంటుంది.

2014 ఫిబ్రవరిలో ర్యాంకు 27కి పోయింది. 2015లో పోర్చుగల్ మీద పోర్చుగల్‌లోనే 2-0తో గెలిచారు. ఫోగో దీవిలో అగ్నిపర్వతం పేలి ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ సాయం కోసం పెట్టిన మ్యాచ్ అది.

యూరప్‌లో పుట్టినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా నాయిన గుంపు మేస్త్రి వెంబడి ప్రాజెక్టు పనులకు తిరిగినోడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. కేప్ వెర్డే కథ కూడా కరువు కథే. 1940లలో కరువు కాటకాలకు అక్కడ వేల మంది చచ్చిపోయారు, బతికినవాళ్ళు సావో టోమే దీవి కోకో తోటలకు కాంట్రాక్టు కూలీలుగా పోయారు. తర్వాత లిస్బన్, రోటర్‌డామ్, పారిస్. ఇప్పుడు దేశంలో ఉన్నవాళ్ళకంటే బయట ఉన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళ బిడ్డల్ని వెతికి పట్టుకుని పిలిచారు. దీన్ని ఎవరైనా "అరువు తెచ్చుకున్న టీం" అంటే నాకు కోపం వస్తుంది. ఊరు విడిచినోడి కొడుకు ఊరోడు కాకుండా పోతాడా?

డబ్లిన్‌లో పుట్టిన రాబర్టో లోపెస్ సంగతి వినండి. తండ్రిది కేప్ వెర్డే, తల్లిది ఐర్లండ్. అక్కడి షామ్రాక్ రోవర్స్ క్లబ్బుకు డిఫెండర్. అప్పటి కోచ్ రూయి ఆగ్వాస్ ఇతనికి లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసు భాషలో మెసేజ్ పెట్టాడు. ఇతను అది ఏదో స్పామ్ అనుకుని పక్కన పెట్టేశాడు. కొన్ని నెలలకు మళ్ళీ మెసేజ్ వస్తే అప్పుడు అర్థం చేసుకున్నాడు. 2019 నుంచి ఆడుతున్నాడు.

హైదరాబాద్ డిఫెండర్:

ట్యునీషియా సంగతి నాకు తెలియదు తమ్మీ, మంచిగ చెప్పినవ్. కానీ మంచి ఆటగాళ్ళను పోగొట్టుకున్నారు కూడా. ఫుట్‌బాలర్ నాని ప్రాయాలోనే పుట్టాడు, ఆడింది పోర్చుగల్‌కు. ఫ్రాన్స్‌కు ఆడిన పాట్రిక్ వియేరా తల్లి, స్వీడన్‌కు ఆడిన హెన్రిక్ లార్సన్ తండ్రి కేప్ వెర్డే వాళ్ళే. గెల్సన్ ఫెర్నాండెస్ కూడా ప్రాయాలో పుట్టినోడే. 2010 ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్ తరఫున స్పెయిన్ మీద గెలుపు గోల్ కొట్టింది అతనే. ఆ కప్పులో స్పెయిన్ ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ అది.

బోస్టన్‌లో మిర్యాలగూడ:

ఇక్కడి నుంచి ఒక మాట. నేను ఉండేది మసాచుసెట్స్‌లో, బ్రాక్టన్ దగ్గర. ఇక్కడా న్యూ బెడ్‌ఫర్డ్‌లోనూ కేప్ వెర్డే వాళ్ళు చాలామంది. ఎప్పుడో 19వ శతాబ్దంలో తిమింగలాల వేటకు పోయే ఓడల్లో పనికి ఎక్కి వచ్చిన వాళ్ళతో మొదలైందట. మా ఆఫీసులో ఒకాయన తాతది బ్రావా దీవి. అక్టోబర్ 13న ఎస్వాతినీ మీద 3-0తో గెలిచి క్వాలిఫై అయిన రోజు ఆయన పని మధ్యలో లేచి ఏడ్చేశాడు. మూడో గోల్ కొట్టిన స్టొపీరా వయసు 37 అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. ఆయన ఆ దీవిని ఒక్కసారి కూడా చూడలేదు.

దేవరకొండ పీఈటీ:

అందరికీ ధన్యవాదాలు. పాలమూరు తమ్ముడూ, నువ్వు రాసింది మా స్టాఫ్‌రూంలో చదివి వినిపించా. రెండు డౌట్లు. ఇప్పటి కోచ్ ఎవరు? మన దేశం కూడా బయట పుట్టినవాళ్ళను ఎందుకు పిలవదు?

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్:

కోచ్ పేరు బుబిస్టా సార్. అసలు పేరు పెద్రో లెయిటావ్ బ్రిటో, బోవా విస్టా దీవి మనిషి. ఒకప్పుడు ఇదే టీంకు కెప్టెన్. 2020లో పగ్గాలు తీసుకున్నాడు. 2024 జనవరిలో మొదలైన ఆఫ్రికా కప్‌లో ఘనాను ఓడించి, ఈజిప్టుతో 2-2 ఆడి, క్వార్టర్స్‌లో సౌతాఫ్రికా మీద పెనాల్టీలలో పోయారు. ఆ రోజు సౌతాఫ్రికా కీపర్ రాన్వెన్ విలియమ్స్ నాలుగు ఆపాడు, ఆపితే ఎవరేం చేస్తారు. అదే ఏడాది చివరికి 2025 ఆఫ్రికా కప్‌కు క్వాలిఫై కాలేదు, గ్రూపులో ఆఖరున వచ్చారు. మన దగ్గరైతే కోచ్‌ను సాయంత్రానికే పంపించేవాళ్ళు. వాళ్ళు పంపలేదు. సంవత్సరం తిరగకముందే ప్రపంచకప్. 2025కి ఆఫ్రికా ఉత్తమ కోచ్ అవార్డు ఆయనకే ఇచ్చారు. నన్ను అడిగితే బయటి ఆటగాళ్ళ కంటే ఈ ఓపికే పెద్ద కారణం.

మన సంగతి వేరు. ఇండియా పాస్‌పోర్టు ఉంటేనే ఇండియాకు ఆడాలి, ద్వంద్వ పౌరసత్వం లేదు. ఈమధ్య ర్యాన్ విలియమ్స్ అనే ఆటగాడు ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని వచ్చాడు. కానీ బయటి నుంచి తెచ్చుకునే ముందు మన పిల్లల్ని చూడాలి సార్. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చాడు. దేవరకొండ తండాల పిల్లల పరుగు నేను చూశా. వాళ్ళకు కావలసింది ఒక చదునైన గ్రౌండ్, ఏడాది పొడుగునా మ్యాచులు.

మ్యాచుల టైం రాసుకోండి. గ్రూప్ హెచ్‌లో స్పెయిన్, ఉరుగ్వే, సౌదీ అరేబియాతో పడింది. స్పెయిన్‌తో మొదటి మ్యాచ్ జూన్ 15న అట్లాంటాలో, మనకు రాత్రి తొమ్మిదిన్నరకు. ఉరుగ్వేది 22 తెల్లవారుజామున మూడున్నరకు, అది పిల్లలకు కష్టం. సౌదీది 27న పొద్దున ఐదున్నరకు.

దేవరకొండ పీఈటీ:

15కల్లా బడి తెరుస్తారు తమ్ముడూ. హాస్టల్ వార్డెన్‌ను అడిగి టీవీ పెట్టిస్తా. వీలైతే ఆ రోజు నువ్వు కూడా రా, ట్యునీషియా కథ నువ్వు చెప్తేనే పిల్లలు వింటారు.

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్:

తప్పకుండా వస్తా సార్. గ్రౌండ్ ఎట్లుందో కూడా చూస్తా, రెండు బంతులు పట్టుకొస్తా.